తెలుగు మాట్లాడే ఆర్పీజీకి ఏ గేమ్ ఇంజిన్?

హైదరాబాద్‌లో నలుగురు స్నేహితులు కలిసి ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే ఆటగాడు ఒక పాత్రగా మారి కథను నడిపే ఆర్పీజీ, చేద్దామనుకున్న రోజే గేమ్ ఇంజిన్, అంటే గేమ్‌ను కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్, గురించి మొదటి వాదన మొదలవుతుంది: యూనిటీలో చేద్దామా, అన్‌రియల్‌లో చేద్దామా? గోడాట్ పేరు ఎత్తేవాళ్లు కూడా ఒకరు ఉంటారు. ఎటూ తేలక యూట్యూబ్ తెరిస్తే కనిపించేవన్నీ వెలుగునీడల డెమోలే. తడిసిన రాళ్లు, కదిలే గడ్డి, నీటి మీద మెరుపు. వాటిని చూసి ఇంజిన్ ఎంచుకున్న జట్టుకు ఆరు నెలలు తిరిగేసరికి అసలు కష్టం ఎదురవుతుంది. ఆ కష్టం చాలాసార్లు గ్రాఫిక్స్‌లో ఉండదు.

ఆర్పీజీలో శ్రమ ఎక్కడికి పోతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. కథ పాతబస్తీలో జరుగుతోందనుకుందాం. లాడ్ బజార్‌లో గాజులమ్మే ఒక పాత్రకు ఆటగాడు మొదటి గంటలో అబద్ధం చెప్పాడు. ఇరవై గంటల తరువాత గోల్కొండ కోట దగ్గర ఆమె మళ్లీ ఎదురైనప్పుడు ఆ అబద్ధం ఆమెకు గుర్తుండాలి. ఆమె మాట మారాలి, గాజుల ధర మారాలి, ఆమె తమ్ముడు అప్పగించాల్సిన పని ఆగిపోవాలి. ఈలోగా ఆటగాడు ఎన్నోసార్లు సేవ్ చేసి ఉంటాడు, ఒకసారి గేమ్ అప్‌డేట్ కూడా వచ్చి ఉంటుంది. అయినా ఆ చిన్న విషయం చెదరకుండా నిలవాలి. ఇలాంటివి ఒక గేమ్‌లో వందలు, వేలు ఉంటాయి. వాటిని రాసేది రచయిత. ప్రతి మార్పుకూ ప్రోగ్రామర్‌ను బతిమాలుకోవాల్సి వస్తే ఆ గేమ్ ముందుకు సాగదు.

కాబట్టి ఇంజిన్‌ను అడగాల్సిన ప్రశ్నలు మూడు. మాటలను ఎంత బాగా చూపిస్తుంది? ప్రపంచం స్థితిని ఎంత భద్రంగా దాస్తుంది? ప్రోగ్రామింగ్ రానివారికి పని చేసుకునే వీలు ఎంత ఇస్తుంది? బొమ్మల సంగతి ఆ తరువాత.

బొమ్మ వేరు, ఆట నియమాలు వేరు అని చెప్పడానికి ఇటీవలి సాక్ష్యం ఆబ్లివియన్. 2006 నాటి ఆ ఆర్పీజీని 2025 ఏప్రిల్‌లో కొత్త రూపంలో విడుదల చేశారు. తెర మీద కనిపించేదంతా అన్‌రియల్ ఇంజిన్ 5 గీస్తుంది. కింద ఆటను నడిపే తర్కం మాత్రం పాత ఇంజిన్‌దే. దాదాపు ఇరవై ఏళ్ల కింద రాసిన నియమాలు, క్వెస్టులు (ఆటగాడికి అప్పగించే పనులు), పాత్రల దినచర్యలు అలాగే ఉన్నాయి, పైన చర్మం మారింది. ఆ గేమ్‌లో విలువైన సరుకు ఎక్కడుందో చేసినవాళ్లకు తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణ ఫ్రాస్ట్‌బైట్. హైదరాబాద్‌లోనూ ఆఫీసున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ సొంత ఇంజిన్ అది. బాటిల్‌ఫీల్డ్ లాంటి యుద్ధపు గేమ్‌ల కోసం పుట్టింది, ఆ పనిలో దానికి మంచి పేరుంది. అదే సంస్థకు చెందిన బయోవేర్ స్టూడియో దాని మీద 2014లో డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్, 2017లో మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా చేసింది. తుపాకీ పేల్చడానికి కావాల్సినవన్నీ ఆ ఇంజిన్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఆర్పీజీకి ప్రాణమైన ఇన్వెంటరీ (ఆటగాడి దగ్గరున్న వస్తువుల జాబితా), జట్టు సభ్యుల నిర్వహణ, సేవ్ పద్ధతి వంటివి మాత్రం బయోవేర్ తానే కట్టుకోవాల్సి వచ్చింది. వందల మంది ఇంజినీర్లున్న సంస్థకే అది అంత భారమైంది. నలుగురి జట్టు అలాంటి పొరపాటు చేస్తే తేరుకోవడం కష్టం.

సొంతంగా ఇంజిన్ రాసుకుందామనే ఆలోచన కూడా ఇక్కడే పక్కన పెట్టడం మంచిది. బాల్డర్స్ గేట్ 3 చేసిన లారియన్‌కు సొంత ఇంజిన్ ఉంది, నిజమే. దాన్ని వాళ్లు గేమ్ తరువాత గేమ్‌గా పెంచుకుంటూ వచ్చారు. విచర్ గేమ్‌లు చేసే సీడీ ప్రాజెక్ట్ రెడ్ దారి చూస్తే ఇంకా స్పష్టం: 2007లో మొదటి గేమ్‌కు బయోవేర్ వారి అరోరా ఇంజిన్ వాడుకుంది, తరువాత సొంతంగా రెడ్ ఇంజిన్ తయారుచేసుకుంది, 2022లో దాన్నీ వదిలి అన్‌రియల్ 5కు మారుతున్నట్టు ప్రకటించింది.

ఇక తెలుగు సంగతి. ఇంజిన్ల పోలికల్లో దీని ఊసే ఉండదు. తెలుగు డైలాగులతో ఆర్పీజీ చేయాలనుకునేవారికి మాత్రం మొదటి పరీక్ష ఇదే కావాలి.

ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో కోడ్, ఒక్కో కోడ్‌కు ఫాంట్‌లో ఒక్కో రూపం ఉంటే పని జరిగిపోతుంది. తెలుగులో "స్త్రీ" అన్నది కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది వరసగా ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఆరింటినీ చదివి, ఏ ఒత్తు ఎక్కడికి వెళ్లాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో ఫాంట్ లోపలి నియమాల ప్రకారం పేర్చాలి. ఈ పనిని షేపింగ్ అంటారు. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. కలిసిన రూపాలకు సొంత యూనికోడ్ సంఖ్య ఉండదు, అవి ఫాంట్ లోపల మాత్రమే ఉంటాయి. కోడ్‌కు ఒక రూపం అని నమ్ముకున్న ఏ ఇంజిన్ అయినా ఇక్కడ తప్పుతుంది. ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, చదవలేని తెలుగు తెర మీదికి వస్తుంది.

అన్‌రియల్ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని, అంటే ఎవరైనా వాడుకోగల సిద్ధమైన కోడ్‌ను, వాడుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో తెలుగు సరిగ్గా కనిపించడానికి కారణం కూడా ఆ లైబ్రరీయే. గోడాట్‌లో మూడో వర్షన్ దాకా ఈ సదుపాయం లేదు. 2023 మార్చిలో వచ్చిన నాలుగో వర్షన్‌తో అక్షరాల వ్యవస్థను కొత్తగా రాసి హార్ఫ్‌బజ్‌ను చేర్చారు. అందువల్ల గోడాట్ నాలుగులో ఒక లేబుల్ పెట్టి, యూనికోడ్ తెలుగు ఫాంట్ తగిలించి వాక్యం రాస్తే అది సరిగ్గానే వస్తుంది.

యూనిటీలో కథ వేరు. అక్కడ తెర మీద రాత చూపించడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో యూనికోడ్ సంఖ్యను బట్టి అక్షర రూపాన్ని తీసుకుంటుంది. తెలుగుకు కావాల్సిన షేపింగ్ అందులో లేదు. దీన్ని దాటడానికి కొందరు తెలుగు వాక్యాన్ని ఒక ప్రత్యేక ఫాంట్‌కు సరిపోయే సంకేతాలుగా మార్చే ప్లగిన్లు వాడతారు. డీటీపీ చేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది, అను ఫాంట్లతో పేజీలు కట్టిన రోజుల పద్ధతే ఇది. తెర మీద తెలుగు కనిపిస్తుంది కానీ లోపలున్నది తెలుగు కాదు. వెతకడం, సరిదిద్దడం, ఫాంట్ మార్చడం అన్నీ తలనొప్పే. పది బటన్ల మొబైల్ గేమ్‌కు ఈ ఏర్పాటు సరిపోతుంది. లక్ష పదాల సంభాషణలున్న ఆర్పీజీకి సరిపోదు. యూనిటీ 6లో యూఐ టూల్‌కిట్ (మెనూలు, పెట్టెలు కట్టే సాధనం) కోసం హార్ఫ్‌బజ్ ఆధారంగా కొత్త టెక్స్ట్ పద్ధతి వచ్చింది. యూనిటీ మీదే మనసున్న జట్టు మొత్తం ఇంటర్‌ఫేస్‌ను యూఐ టూల్‌కిట్‌లో కట్టడానికి సిద్ధపడాలి, ఆ కొత్త పద్ధతిలో తమ ఫాంట్‌తో తెలుగు ఎలా వస్తుందో మొదటి రోజే చూసుకోవాలి.

ఆర్పీజీల్లో మాటలు ఒక్కో అక్షరంగా టైప్ అవుతున్నట్టు కనిపించడం ఆనవాయితీ. తెలుగుకు అదొక ఉచ్చు. కోడ్‌ల లెక్కన ఒక్కొక్కటీ చూపిస్తే "స్త్రీ" తెర మీద ముందు స, తరువాత స్, తరువాత స్త, ఇలా రూపాలు మార్చుకుంటూ గంతులేస్తుంది. పాఠకుడి కన్ను నిలవదు. గోడాట్ నాలుగులో అక్షరాలు కలిసిన తరువాతే లెక్కపెట్టమని చెప్పే అమరిక ఉంది. మిగతాచోట్ల సొంతంగా కోడ్ రాసుకోవాలి. అందుకు యూనికోడ్ నియమాల మీద ఆధారపడితే ఒక జాగ్రత్త అవసరం: తెలుగు సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరవకూడదన్న నియమం ప్రమాణంలోకి వచ్చిందే 2023 నాటి యూనికోడ్ 15.1తో. అంతకు ముందటి లైబ్రరీలు "స్త్రీ"ని మూడు ముక్కలుగా లెక్కపెడతాయి. ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఆర్పీజీలు చేసుకోగల ఆర్పీజీ మేకర్ ఎంవీ అనే సాధనంలో సందేశాల పెట్టె అక్షరాలను విడివిడిగా గీస్తుంది కనుక, దాని కోడ్ మార్చకుండా తెలుగు పెడితే ఒత్తులు చెదురుతాయి.

పెట్టె ఎత్తు మరో సమస్య. ఇంగ్లిష్ కొలతతో గీసిన డైలాగు పెట్టెలో తెలుగు ఒత్తులు కింది వరసను తాకుతాయి, లేదా సగం తెగిపోతాయి. వరసల మధ్య ఎడం పెంచితే నాలుగు వరసలు పట్టే పెట్టెలో మూడే పడతాయి, అంటే డైలాగులు కూడా పొట్టిగా రాయాలి. ఫాంట్లకు కొదవ లేదు. మండలి, మల్లన్న, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి గేమ్‌లో కలిపి అమ్ముకోవడానికి అనుమతించే ఓపెన్ లైసెన్స్‌తో దొరుకుతాయి.

హైదరాబాద్ కథ అయితే ఉర్దూ కూడా వస్తుంది. చార్మినార్ చుట్టుపక్కల తిరిగే పాత్రల నోట దక్కనీ లేకపోతే ఆ ఊరు ఊరిలా ఉండదు. దుకాణాల బోర్డుల మీద, ఉత్తరాల్లో ఉర్దూ లిపి కనిపించాలి. అది కుడి నుంచి ఎడమకు నడిచే లిపి, నస్తలీఖ్ శైలిలో అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి. ఒకే పెట్టెలో తెలుగు, ఉర్దూ పక్కపక్కన రావాలంటే ఇంజిన్‌కు రెండు దిశల రాత తెలిసి ఉండాలి. అన్‌రియల్, గోడాట్ 4 రెండింటికీ ఇది వచ్చు. ఈ ఊరి గేమ్‌కు ఇది ఆషామాషీ అర్హత కాదు.

వ్యాకరణం వైపు కూడా ఒక చూపు వేయాలి. ఆర్పీజీలో ఆటగాడు తన పేరు తానే పెట్టుకుంటాడు, ఆడో మగో ఎంచుకుంటాడు. ఆ పేరును వాక్యంలో ఖాళీ చోట నింపితే ఇంగ్లిష్‌లో సరిపోతుంది. తెలుగులో రవికి, సీతకు, లక్ష్మిని, రామును. పేరు చివరి అచ్చును బట్టి విభక్తి మారుతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని క్రియ మారుతుంది. నువ్వు అనాలా మీరు అనాలా అన్నది ఆ పాత్రకూ ఆటగాడికీ ఉన్న చుట్టరికం, చనువు, వయసులను బట్టి ఉంటుంది. కథ మధ్యలో మారవచ్చు కూడా. అన్‌రియల్ టెక్స్ట్ వ్యవస్థలో లింగాన్ని బట్టి మాట మార్చే సదుపాయం ఉంది, కొరియన్ విభక్తులకు ప్రత్యేక ఏర్పాటు కూడా ఉంది, తెలుగుకు మాత్రం లేదు. యూనిటీ లోకలైజేషన్ ప్యాకేజీలో షరతులు రాసుకోవచ్చు. ఎందులో చేసినా తెలుగు విభక్తుల కోసం ఒక చిన్న కోడ్ ముక్క జట్టు రాసుకోక తప్పదు. మొదట్లోనే రాసుకుంటే రెండు రోజుల పని. ఐదు వేల వాక్యాలు రాసిన తరువాత గుర్తొస్తే నెలల పని.

సంభాషణలు రాయడానికి ఇంజిన్ లోపలి పద్ధతి మీదే ఆధారపడనక్కర్లేదు. ఇంక్, యార్న్ స్పిన్నర్ వంటి సాధనాల్లో కొమ్మలు కొమ్మలుగా విడిపోయే కథను మామూలు టెక్స్ట్ ఫైల్లో తెలుగులోనే రాసుకోవచ్చు. ఇంజిన్ మారినా ఆ రాత మిగులుతుంది. మాటలే ప్రధానంగా నడిచే డిస్కో ఎలీజియం 2019లో యూనిటీ మీద వచ్చింది, దాని సంభాషణలు ఆర్టిసీ డ్రాఫ్ట్ అనే ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌లో రాశారు. సంభాషణల ఫైళ్లను ఇంజిన్‌కు బయట ఉంచడం ఏ జట్టుకైనా మేలైన పని.

సేవ్ విషయంలో మూడు ఇంజిన్లదీ ఒకే మాట: సరుకు మేమిస్తాం, కట్టుకోవడం మీ పని. యూనిటీలో కొత్తవారు ప్లేయర్‌ప్రెఫ్స్ అనే చోట అన్నీ దాచేస్తుంటారు. అది సౌండ్ ఎంత ఉండాలి వంటి సెట్టింగుల కోసం పెట్టినది. వస్తువుల వివరాలకు వాడే స్క్రిప్టబుల్ ఆబ్జెక్టులు ఎడిటర్‌లో మార్పులను గుర్తుంచుకున్నట్టు కనిపిస్తాయి, తయారైన గేమ్‌లో గుర్తుంచుకోవు. గోడాట్‌లో గేమ్ డేటాను దాచే రిసోర్స్ ఫైలునే సేవ్‌గా వాడటం సులువు. కానీ అలాంటి ఫైల్లో కోడ్ దాగి ఉండే వీలుంది, బయటివారి సేవ్ ఫైలు తెరిస్తే ప్రమాదం. అన్‌రియల్‌లో సేవ్‌గేమ్ అనే క్లాస్ (సిద్ధమైన కోడ్ మూస) ఇస్తారు, ఏది దాయాలో గుర్తు పెట్టాలి. ఎందులోనైనా అసలు పరీక్ష గేమ్ అప్‌డేట్ అయినప్పుడు వస్తుంది. పాత సేవ్‌లో లేని కొత్త వస్తువు, తీసేసిన క్వెస్టు, పేరు మారిన పాత్ర వచ్చినప్పుడు సేవ్ ఫైలు నిలవాలంటే దాని మీద మొదటి రోజు నుంచే వర్షన్ నంబర్ ఉండాలి.

ఇంజిన్ల గుణాలను గేమ్ రకంతో కలిపి చూస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. పైనుంచి చూసే 2డీ ఊరు, వంతులవారీ యుద్ధం, బలమైన కథ ఉంటే గోడాట్ చక్కగా సరిపోతుంది. 2023లో వచ్చిన క్యాసెట్ బీస్ట్స్ గోడాట్‌లో చేసిన పూర్తి నిడివి ఆర్పీజీ. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండోల మీదికి తీసుకెళ్లాలంటే మాత్రం గోడాట్‌కు అధికారిక దారి లేదు, మూడో సంస్థ సాయం తీసుకోవాలి. అసలు ప్రోగ్రామరే లేని రచయితలకు ఆర్పీజీ మేకర్ ఉండనే ఉంది. టు ద మూన్, ఒమోరి లాంటి కథలు దానిలోనే పుట్టాయి. తెలుగు రాత విషయంలో పైన చెప్పిన మరమ్మతు చేసుకోగలిగితే చాలు. ఏటవాలు కోణం నుంచి చూస్తూ సహచరుల జట్టుతో తిరిగే గేమ్‌లకు యూనిటీకి మంచి చరిత్ర ఉంది, పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ, పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ అందులోనివే. మామూలు ధర ఆండ్రాయిడ్ ఫోన్లే లక్ష్యమైతే యూనిటీ, గోడాట్ రెండూ అన్‌రియల్ కన్నా తేలిక.

భుజం వెనుక కెమెరాతో, సినిమా స్థాయి దృశ్యాలతో 3డీ ఆర్పీజీ చేయాలంటే అన్‌రియల్‌కు సాటి లేదు. 2025లో వచ్చిన క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 దీనికి నిదర్శనం. అన్‌రియల్‌లో గేమ్‌ప్లే ఎబిలిటీ సిస్టమ్ అనే ఏర్పాటు ఉంది. మంత్రాలు, విషప్రభావాలు, తాత్కాలిక బలాలు వంటి ఆర్పీజీ లెక్కలకు బాగా పనికొస్తుంది, నేర్చుకోవడం మాత్రం కష్టం. పుణెలోని నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన రాజీ కూడా అన్‌రియల్‌లో చేసిందే. అది ఆర్పీజీ కాదు, యాక్షన్ గేమ్. అయినా చిన్న భారతీయ జట్టు ఈ ఇంజిన్‌తో ఎంత దూరం వెళ్లగలదో చూపించింది.

ఈ ఊళ్లో మనుషులు ఎవరు దొరుకుతారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి ఏళ్ల తరబడి డాట్‌నెట్ నేర్చుకుని బయటికి వచ్చినవారికి సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త కాదు. వాళ్లు యూనిటీలో, గోడాట్ సీ షార్ప్ వర్షన్‌లో వారాల్లో కుదురుకుంటారు. అన్‌రియల్ సీ ప్లస్ ప్లస్ తెలిసిన గేమ్‌ప్లే ప్రోగ్రామర్ దొరకడం కష్టం, దొరికినా జీతం ఎక్కువ. ఆర్టిస్టుల విషయంలో పరిస్థితి తిరగబడుతుంది. విజువల్ ఎఫెక్ట్స్ పని, యానిమేషన్ పని ఇక్కడ విస్తారంగా ఉంది. అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఎల్ఈడీ గోడలతో వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ కూడా వచ్చింది. ఇలాంటి స్టేజీల పనిలో అన్‌రియల్ వాడకం ఎక్కువ. కాబట్టి అన్‌రియల్‌లో లైటింగ్ చేయగల ఆర్టిస్టు హైదరాబాద్‌లో దొరకవచ్చు, పక్కన కూర్చుని సేవ్ వ్యవస్థ రాసే మనిషి దొరక్కపోవచ్చు. ఆర్పీజీకి కొరత వచ్చేది రెండోవారి దగ్గరే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. అన్‌రియల్‌లో ఒక గేమ్ మొత్తం ఆదాయం పది లక్షల డాలర్లు, అంటే ఎనిమిది కోట్ల రూపాయల పైమాట, దాటేదాకా ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆపైన వచ్చేదానిలో 5 శాతం రాయల్టీ. గోడాట్ ఎంఐటీ లైసెన్స్‌తో పూర్తిగా ఉచితం. యూనిటీలో ఉచిత వర్షన్ వాడుకునే పరిమితి ప్రస్తుతం ఏడాదికి రెండు లక్షల డాలర్లు. ఇక్కడ స్టార్టప్‌లు చూసుకోని విషయం ఒకటుంది: ఆ పరిమితిలో అమ్మకాలతో పాటు తెచ్చుకున్న పెట్టుబడిని కూడా లెక్కిస్తారు. ఒక్క గేమ్ అమ్మకముందే, పెట్టుబడి వచ్చిన సంవత్సరంలోనే, మనిషికి ఏడాదికి లక్షన్నర రూపాయలు దాటే ప్రో లైసెన్స్ తీసుకోవాల్సి రావచ్చు.

షరతులు మారే ప్రమాదం కూడా ఉంది. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ ప్రతి ఇన్‌స్టాల్‌కు రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. ప్రపంచమంతా డెవలపర్లు భగ్గుమన్నారు. కొన్ని రోజులకే షరతులు సడలించింది, అక్టోబర్‌లో సీఈవో తప్పుకున్నారు, 2024 సెప్టెంబర్‌లో ఆ రుసుమును పూర్తిగా రద్దు చేసింది. మూడు నెలల్లో పూర్తయ్యే చిన్న గేమ్‌కు ఇలాంటి మార్పుల వల్ల పెద్ద నష్టం ఉండదు. ఆర్పీజీకి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంత కాలం ఒక సంస్థ మాట మారదని నమ్మి కూర్చోవాలి. ఈ ఒక్క విషయంలో ఓపెన్ సోర్స్ గోడాట్ ఇచ్చే ధీమా మరేదీ ఇవ్వదు.

తెలుగు ముఖ్యమై, 2డీ లేదా నిరాడంబరమైన 3డీ చాలనుకునే చిన్న జట్టుకు గోడాట్ 4 సరైన ఎంపిక. పెద్ద 3డీ కల ఉండి, అనుభవమున్న సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామర్ ఇప్పటికే జట్టులో ఉంటే అన్‌రియల్. సీ షార్ప్ బలం, మొబైల్ మార్కెట్ రెండూ ఉన్నవారికి యూనిటీ, అదీ తెలుగు పరీక్ష నెగ్గితేనే.

నిర్ణయం ఖాయం చేసుకునే ముందు నాలుగైదు వారాలు పెట్టి ఒక చిన్న ముక్క కట్టి చూడాలి. ఒక వీధి, మూడు పాత్రలు, ఒక క్వెస్టు, ఒక యుద్ధం, ఒక దుకాణం. వాడే బొమ్మలు పెట్టెలైనా పర్వాలేదు. డైలాగులు మాత్రం నిజమైన తెలుగులో, ఒత్తులు దండిగా ఉన్న వాక్యాలతో ఉండాలి, ఒక బోర్డు మీద ఉర్దూ ఉండాలి. ప్రోగ్రామర్ పక్కన లేనప్పుడు రచయిత ఒక కొత్త సంభాషణ చేర్చి, నడిపి చూడాలి. దాన్ని జట్టులో అందరికన్నా పాత ఫోన్‌లో, పాత ల్యాప్‌టాప్‌లో ఆడించాలి. క్వెస్టు సగంలో ఉండగా సేవ్ చేసి, కోడ్‌లో రెండు వస్తువులు కొత్తగా చేర్చి, ఒక పాత్ర పేరు మార్చి, గేమ్‌ను మళ్లీ తయారుచేసి అదే సేవ్ ఫైలును తెరవాలి. ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో రాసుకోవాలి. రెండు ఇంజిన్ల మధ్య తేలకపోతే ఇదే ముక్కను రెండింటిలో కట్టి, ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకోవాలి.